పుట్టగొడుగులు నోరు మూసుకున్నాయి

ఒకప్పుడు పుట్టగొడుగులకు నోరుండేది. నోరంటే మామూలు నోరా! ఉరుము ఉరిమి, వాన పడి, తెల్లారేసరికి కొండవాలంతా ఒకటే గోల. "అమ్మా, నేను మంచిదాన్ని, కోసుకో!" అని ఒకటి. "అక్కా, నా జోలికి రాకు, నేను విషం!" అని ఇంకొకటి.

జనం బుట్ట చంకన పెట్టుకుని వెళ్ళడం, అడగడం, ఏరుకోవడం. అంతే. ఏది ఎలా ఉందో కళ్ళు పెట్టి చూసిన పాపాన పోలేదు ఎవరూ. చెప్పేవాళ్ళుంటే చూడ్డమెందుకు!

ఆ కొండ కింద సన్యాసమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడకి ఒక్కగానొక్క కూతురు పైడి. పిల్ల జ్వరం పడి లేచింది. నోరు చేదని ఏం పెట్టినా తోసేస్తోంది. వాన వెలిసిన రోజు మాత్రం, "పుట్టగొడుగుల కూర చేస్తే తింటానమ్మా" అంది. ఆ మాటకే తల్లి ప్రాణం లేచొచ్చింది.

సన్యాసమ్మ పరుగున చెదలపుట్ట దగ్గరికి వెళ్ళింది. పుట్ట నిండా అప్పుడే లేచిన పుట్టగొడుగులు, తెల్లగా, ముద్దుగా ఉన్నాయి.

"ఏమ్మా, నువ్వు మంచిదానివేనా?" అని ముందున్నదాన్ని అడిగింది.

దాని గుండె ఝల్లుమంది. అదింకా ఎండ మొహమే చూడలేదు పాపం. ఒక్క పూట ఎండలో గొడుగు విప్పుకుని నిలబడాలని దాని ఆశ. ఆశపడితే తప్పేముంది? కానీ అడగొచ్చు కదా! "ఒక్క పూట ఆగమ్మా" అంటే సన్యాసమ్మ ఆగేది కదా!

అలా అనలేదు. "మేమంతా విషం! ముట్టుకున్నావో, అంతే!" అంది. పక్కవి కూడా "ఔనౌను" అని తలలూపాయి.

సన్యాసమ్మ ఖాళీ బుట్టతో ఇంటికెళ్ళింది. పైడి ఏమీ తినకుండానే పడుకుంది.

మర్నాడు తల్లి మళ్ళీ కొండెక్కింది. పుట్టమీద పుట్టగొడుగులు అప్పటికే ఎండకి వడిలి, పురుగుపట్టి ఉన్నాయి. చెదపురుగులు పకపకా నవ్వాయి.

"పిచ్చితల్లీ! ఏటేటా నువ్వు కూరొండుకునేవి ఇవే కదా! నిన్ను భలే బురిడీ కొట్టించాయి!"

సన్యాసమ్మకి ఒళ్ళు మండింది. "మీ దుంపతెగ! ఇంకెప్పుడైనా మీ మాట నమ్ముతానా?" అని పుట్టగొడుగుల్ని తిట్టుకుంటూ ముందుకెళ్ళింది. అక్కడొక చెట్టు మొదట్లో తెల్లటి పుట్టగొడుగులు గుంపుగా కనిపించాయి.

"తల్లీ, మమ్మల్ని ముట్టకు. మేం నిజంగా విషం!" అన్నాయవి.

"నిన్న వాళ్ళూ ఇదే పాట పాడారు" అని సన్యాసమ్మ తుంచి బుట్టలో వేసుకుంది. దారిపొడవునా అవి అరుస్తూనే ఉన్నాయి. "వద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాం, వద్దు!" అని కుండలో పడేదాకా అరిచాయి. ఆవిడ చెవిన పెట్టలేదు.

తనకి కాస్తయినా ఉంచుకోకుండా కూరంతా పిల్లకే పెట్టింది. పైడి ఎన్నాళ్ళకో ఇష్టంగా తింది. వేళ్ళు కూడా నాకింది.

మర్నాడు పైడి లేవలేదు.

సన్యాసమ్మ పుట్ట దగ్గరికి వచ్చింది. తిట్టలేదు, తన్నలేదు. మట్టిలో కూలబడి, వడిలిపోయిన ఆ పుట్టగొడుగుని అడిగింది.

"ఎండ బాగుందా అమ్మా?"

అది ఏదో చెప్పబోయింది. మాట రాలేదు.

ఆ సంగతి మట్టిలోంచి మట్టిలోకి పాకి కొండంతా తెలిసిపోయింది. మంచి పుట్టగొడుగులన్నీ సిగ్గుతో నోరు మూసుకున్నాయి. విషపువి మాత్రం కుళ్ళి కుళ్ళి ఏడ్చాయి. "మేం నిజమే చెప్పాం. ఇక మా మాట ఎవరు వింటారు?" అని అవీ మానేశాయి.

అప్పటినుంచే పుట్టగొడుగులు మాట్లాడవు. ఎంత పెద్ద ఉరుము ఉరిమినా చప్పుడు చేయకుండా లేస్తాయి, చప్పుడు చేయకుండా వాడిపోతాయి. మంచిదీ చెప్పదు, చెడ్డదీ చెప్పదు. అందుకే కొండకెళ్ళిన పెద్దవాళ్ళు ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూస్తారు. ఏమాత్రం అనుమానమున్నా అక్కడే వదిలేసి, ఇంటి దగ్గర పిల్లలు ఎంత ఏడ్చినా సరే, ఖాళీ బుట్టతో తిరిగొస్తారు.