కథ మధ్యలో ఉండే అవ్వ

కథ మొదట్లో రాజుగారుంటారు, చివర్లో పెళ్ళి ఉంటుంది. నడుమ, అడవి మొదలయ్యేచోట, ఒక గుడిసెలో అవ్వ ఉంటుంది.

అవ్వ పని తేలికే. చూపు పోయిన తండ్రికి మందుపువ్వు వెతుక్కుంటూ ముగ్గురు కొడుకులు ఒకరి తరవాత ఒకరు వస్తారు. వచ్చినవాడికి కాళ్ళు కడుక్కోను నీళ్ళిస్తుంది, ఇంత అన్నం పెడుతుంది, అడవిలోకి మూడు దారులున్నాయని చెప్పి సాగనంపుతుంది. తరవాత వాడేమయ్యాడో ఆవిడకి తెలీదు. కథ వాడి వెంట వెళ్ళిపోతుంది, అవ్వ గుడిసెలో ఉండిపోతుంది. కథలు చెప్పేవాళ్ళు ఆవిడకి రెండు మాటలకు మించి ఇవ్వరు. ఆవిడే లేకపోతే ఒక్క రాజకుమారుడికీ పూట గడిచేది కాదు, అది వేరే సంగతి.

అన్నం పెట్టిన మనసు ఊరుకోదు. తన దగ్గర తిన్నవాళ్ళు ఏమయ్యారో తెలుసుకోవాలని అవ్వకి ప్రాణం కొట్టుకునేది. ఒకసారి మూడోవాడు బయల్దేరగానే గుడిసె తలుపు దగ్గరగా వేసి వాడి వెనకే నడిచింది.

మూడోవాడు పువ్వు తెచ్చాడు. పెళ్ళి జరిగింది. బాజాలు, పందిళ్ళు, విస్తళ్ళ మీద విస్తళ్ళు. అవ్వ కళ్ళారా చూసి మురిసిపోయింది. పోయేటప్పుడు వాడి మీదే చూపుండి గమనించలేదు కానీ, తిరిగొస్తుంటే అడవిలో రెండు దారుల మీద రెండు రాళ్ళు కనిపించాయి. మనిషంత ఎత్తున్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే ఎరిగిన ముఖాలే. ఒకడు పెద్దవాడు, ఒకడు నడిపివాడు. ఆ రాళ్ళని చూసే మూడోవాడు ఆ రెండు దారులూ వదిలి మూడోది పట్టాడు. పెళ్ళిలో వాళ్ళ మాట ఎత్తినవాడు లేడు. అవ్వ అక్కడే కూలబడి బావురుమంది.

గుడిసె చేరేసరికి కొత్త కథ వాకిట్లో నిలబడి ఉంది.

"అవ్వా, ఆకలేస్తోంది," అన్నాడు ఆ కుర్రాడు.

"ఎన్నోవాడివి నాయనా?"

"పెద్దవాణ్ణి."

అవ్వ అన్నం వడ్డించింది కానీ, ఎప్పుడూ చెప్పే ఆ రెండు మాటలతో ఊరుకోలేదు. చూసిందంతా దాచకుండా చెప్పేసింది.

"పెద్దవాడు ఏ దారి పట్టినా అది తప్పుదారే అవుతుంది నాయనా. కథ కట్టినవాళ్ళు అలా కట్టారు. ఇటునుంచిటే ఇంటికి పో."

పెద్దవాడు ముద్ద చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. "అయితే పువ్వు తెచ్చేది మా చిన్నోడా? బావిలోకి తొంగిచూడ్డానికే భయపడతాడే వాడు!"

"వాడే తెస్తాడు."

"మరి నేను వెనక్కి పోతే?"

అవ్వకి అబద్ధం చేతకాదు. "అప్పుడు నడిపివాడు మొదటివాడవుతాడు, మీ చిన్నోడు రెండోవాడవుతాడు. ఇద్దరూ రాళ్ళవుతారు. మూడోవాడంటూ ఉండడు."

పెద్దవాడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తొందరపడకుండా విస్తరి ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"మా నడిపోడికి కూడా ఇదంతా చెప్తావా?"

"అడిగితే దాచలేను నాయనా."

"అడక్కపోయినా చెప్పు. వాడూ తెలిసే వెళ్తాడు. వాణ్ణి నేనెరుగుదును." చెయ్యి తుడుచుకుంటూ, "దూరం నుంచే కనపడే దారి ఏది?" అన్నాడు.

"నడిమిది. అక్కడ మిట్ట ఉంది."

"అయితే అదే. చిన్నోడికి నా రాయిని వెతుక్కునే పని ఉండదు."

అవ్వ ఎందరో వీరులకి అన్నం పెట్టింది. పులుల్ని చంపినవాళ్ళూ, రాక్షసుల్ని కట్టేసినవాళ్ళూ ఆ గుడిసెలో చేతులు కడిగారు. వీడి ముందు వాళ్ళంతా దిగదుడుపే అనిపించింది. వయసుకి మనవడైనా వాడి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. వాడు నొచ్చుకుంటాడని ఊరుకుంది.

పెద్దవాడు చెప్పులు తొడుక్కుని గడప దాటాడు. గడప దాటేవాళ్ళు పోతున్నానని అనకూడదు. రాజుగారి ఇంట్లోనూ అదే నేర్పినట్టున్నారు.

"వెళ్ళొస్తానవ్వా," అన్నాడు.

"వెళ్ళిరా నాయనా," అంది అవ్వ. వాడు మిట్ట ఎక్కేదాకా చూసి, నడిపివాడికి ఎసరు పెట్టడానికి లోపలికి వెళ్ళింది.