దివానుగారి రెండు జతల జోళ్లు

వింజవరం సంస్థానంలో రాజుగారి లేఖలను ఊరూరికీ చేరవేసే గవరయ్యకు సర్కారువారు ఒక సైకిలు ప్రసాదించారు. దానికి టైర్లను ఎంపిక చేసినవారు దివాను శోభనాద్రిగారు. దళసరి టైరు వేగాన్ని హరిస్తుందని వారు పలుచనివే తెప్పించారు. తుమ్మచెట్ల నడుమ సాగే బాటలో అవి పదేపదే పంక్చరై, లేఖలు ఆలస్యంగా చేరసాగాయి. అందుకు గవరయ్యనే కొలువు నుండి తొలగించాలని దివానుగారు నిండుసభలో కోరారు.

"టైర్లు దివ్యమైనవి, ప్రభూ! వీడే సోమరి" అన్నారు.

గవరయ్య చేతులు జోడించాడు. "తప్పు నాదైతే వెళ్లిపోతాను, మహాప్రభూ. ఒక్కసారి ఆ బాటను చూసి తీర్పు చెప్పండి."

రాజుగారు సమ్మతించి లేచారు. సభలో పాదరక్షలు ధరించడం ఆచారం కాదు గనుక అందరి జోళ్లూ గడప వెలుపలే ఉన్నాయి. దివానుగారివి రెండు జతలు: కోటలో తిరిగేందుకు పలుచని ముఖమల్ జోళ్లు, ఆరుబయటికి దళసరి తోలు జోళ్లు. వారు తోలుజోళ్లలో కాలు పెట్టబోగా గవరయ్య వినయంగా ముఖమల్ జోళ్లను ముందుకు జరిపాడు.

"ఇవి తొడుక్కోండయ్యా. దళసరివి తమ నడకను మందగింపజేస్తాయి."

"మతి పోయిందట్రా? ముల్లు దిగితే ఇక నడకెక్కడిది? అక్కడే కూలబడాలి!" అని దివానుగారు గద్దించారు.

రాజుగారు గడపలోనే ఆగిపోయారు.

"ఇక బాటను చూడనక్కరలేదు. తీర్పు మీరే చెప్పారు, దివానుగారూ. దళసరి టైర్లు తెప్పించండి. అవి వచ్చేవరకు లేఖలు మోసే భారం తమదే."