పచ్చ గుర్తు వచ్చిన రోజు

కెజియాకి ఒళ్ళు మండిపోయింది. వారంలో రెండోసారి గవరయ్యగారి పేరు ట్యాబ్‌లో ఎర్రగా వెలిగింది.

మా నర్సింగ్ కాలేజీలో మూడో ఏడాది పిల్లలకి తలా ఒక గుండె జబ్బు మనిషిని అప్పగిస్తాం. గుండె నీరసించి, ఒంట్లో నీరు చేరి, కాళ్ళు వాచేవాళ్ళన్నమాట. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు వాళ్ళకి బరువు చూసే మిషను ఒకటి ఇస్తాం. పొద్దున్నే దాని మీద నిలబడితే చాలు, అంకె తిన్నగా పిల్ల ట్యాబ్‌కి వచ్చేస్తుంది. మామూలుగా ఉంటే పచ్చ గుర్తు. రెండు కిలోలు పెరిగితే ఎర్ర గుర్తు, అంటే నీరు పడుతోందని. ఎరుపు వస్తే పిల్ల ఫోన్ చెయ్యాలి. కారణం ఎంత త్వరగా కనుక్కుని సరిచేస్తే అన్ని మార్కులు. ఆ మార్కులు కూడా ట్యాబే వేస్తుంది, ఇక టీచర్లం మేమెందుకో ఆ దేవుడికే తెలియాలి.

క్లాసులో కెజియాకే అందరికంటే ఎక్కువ మార్కులు. పిల్ల కాస్త గాల్లో తేలుతూ ఉండేది. అలాంటిది, ఈ గవరయ్యగారు ఒకరోజు సరిగ్గా రెండు కిలోలు పెరుగుతారు, ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ దిగిపోతారు. నీరు లాగే మాత్ర పెంచకుండా అలా దిగదు.

“మేడమ్, ఆయన్ని నా లిస్టులోంచి తీసేయండి. కారణం దొరక్క నా మార్కులన్నీ పోతున్నాయి,” అంది సలోమి టీచరు దగ్గరికి వెళ్ళి.

సలోమి టీచరు అవుననలేదు, కాదనలేదు. ఆవిడ ఒక ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పడం ఇన్నేళ్ళలో నేనైతే చూడలేదు. “రేపు తొలి బస్సుకి ఆయనింటికి వెళ్దాం, తయారుగా ఉండు,” అంది.

వాళ్ళు వెళ్ళేసరికి తలుపు తీసే ఉందట. గవరయ్యగారు మిషను మీద నిలబడి ఉన్నారు. చేతుల్లో రెండు లీటర్ల నీళ్ళ సీసా, నిండుగా.

 కెజియా ఇక ఆగలేదు. “ఏంటి తాతగారూ ఇది? ఆటలనుకున్నారా? రేపు నిజంగా నీరు పడితే మిమ్మల్ని ఎవరు నమ్ముతారు? ప్రాణం మీదికొస్తుంది, తెలుసా?”

ముప్ఫై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి, టికెట్ లేకుండా దొరికిపోయినవాడిలా తలొంచుకున్నారు. సీసా కింద పెట్టారు.

“తప్పేనమ్మా,” అన్నారు. “పచ్చ వస్తే నువ్వు ఫోన్ చెయ్యవు కదా.”

“చేసినా ఏమంటాను? రాత్రి నిద్ర పట్టిందా, ఎన్ని తలగడలు వేసుకున్నారు, ఆయాసం వచ్చిందా... అంతే కదా!”

“అదేనమ్మా.” ఆయన గోడ వైపు తిరిగారు. “పిల్లల్లేని ఇల్లు మాది. మా సత్తెమ్మ రోజూ కాఫీ గ్లాసు చేతికిస్తూ అడిగేది, రాత్రి నిద్ర పట్టిందా అని. రోజూ అదే ప్రశ్నేనా అని విసుక్కునేవాణ్ణి. అది పోయి అయిదు నెలలు. మళ్ళీ నీ నోటే విన్నాను. ఆ ఒక్క మాట కోసం ప్రాణం కొట్టుకుపోతోంది తల్లీ.”

 ఇలాంటి జబ్బు మేం నేర్పిన పాఠాల్లో లేదు.

సలోమి టీచరు కింద కూర్చుని ఆయన చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూసింది. గుంట పడలేదు, అంటే నీరు లేదన్నమాట. లేచి, సీసా తీసుకెళ్ళి గుమ్మం పక్క కనకాంబరం మొక్కల్లో నీళ్ళన్నీ ఒంపేసింది. ఖాళీ సీసా తెచ్చి ఆయన చేతికిచ్చింది.  

మర్నాడు పొద్దున ట్యాబ్‌లో గవరయ్యగారి పేరు పక్కన పచ్చ గుర్తు వచ్చింది. హమ్మయ్య అనుకుని కెజియా ట్యాబ్ సంచిలో పెట్టేసింది. ఇంతలో సలోమి టీచరు వచ్చి తన ఫోన్ ఆ పిల్ల చేతిలో పెట్టింది. అప్పటికే అవతల రింగవుతోంది.

“మేడమ్, పచ్చే వచ్చింది.”

“చూశాను.”

“దీనికి మార్కులుండవు మేడమ్.”

“ఉండవు,” అంది సలోమి టీచరు.

అవతల ఫోన్ ఎత్తారు. ఒకటే కంగారు. “ఎవరూ? నువ్వా తల్లీ? ఎరుపొచ్చిందా? ఒట్టు, ఇవాళ నేనేం చెయ్యలేదు!”

“లేదు తాతగారూ, బాగానే ఉంది.” కెజియా సంచి పక్కన పెట్టింది. “రాత్రి నిద్ర పట్టిందా?”



“ఒక్క నిమిషం ఉండు తల్లీ,” అన్నారు గవరయ్యగారు. “కుర్చీ లాక్కుంటాను.”