చుక్కమ్మ కాలు, జంబయ్య వకాల్తా

పసుపు చేను గట్టున ఒక గొడ్లచావిడి ఉండేది. అందులో కాటుక అనే గేదె, మూలన గంపలో ఆరు గుడ్లు పొదుగుతున్న చుక్కమ్మ అనే కోడిపెట్ట. తడికకి అవతల ముసలి ఎద్దు బసవయ్య. చుట్టుపక్కల జీవాల తగువులన్నీ తీర్చేది ఆయనే, అదీ సోమవారాలే. ఆ ఊళ్ళో సోమవారం ఎద్దు మెడకి కాడి కట్టరు. తక్కిన రోజుల్లో ఆయనకి తీరికెక్కడిది?

ఒకరోజు జోరీగ కుట్టింది. కాటుక చటుక్కున వెనక్కి అడుగేసింది. గింజల కోసం గంప దిగిన చుక్కమ్మ కాలు గిట్ట కింద చిటుక్కుమంది. కాటుక తల తిప్పి ఏదో అనబోయింది. మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. అలా ఆగిన మాటలు నా గొంతులోనూ ఉన్నాయి కాబట్టి కాటుకని నేను గట్టిగా తప్పుపట్టలేను.

చుక్కమ్మ కాలీడ్చుకుంటూ గంపలోకి చేరింది. దాని దిగులు నొప్పి గురించి కాదు. పిల్లలు బయటికొస్తే నేల కెలికి పురుగూ గింజా చూపించాలి. ఒంటికాలి తల్లి ఏం కెలుకుతుంది?

మర్నాడు మధ్యాహ్నం, మనుషులు కునుకు తీసే వేళ, వకీలునని చెప్పుకుంటూ అడవి నుంచి జంబయ్య అనే నక్క వచ్చింది.

"కాలెవరు తొక్కారమ్మా?" అంది గుసగుసగా.

"కాటుకొదిన."

"వదినా గిదినా అనకు. ప్రతివాది అను."

"కావాలని తొక్కలేదేమో వకీలుగారూ."

"పోనీ, వచ్చి ఒక్క మాటైనా అందా?"

చుక్కమ్మ తల వాల్చింది. ముల్లు గుచ్చుకున్నది సరిగ్గా అక్కడే.

"చూశావా. నేను కేసు వేస్తాను. గోనెడు జొన్నలు ఇప్పిస్తాను."

"గేదె దగ్గర జొన్నలెక్కడివి?"

"అవన్నీ చట్టం చూసుకుంటుంది. నా ఫీజు గెలిచాకే. ఖర్చులకి మాత్రం వాయిదాకో గుడ్డు. ఇంకొకటి. ఎదుటి పక్షంతో మాట్లాడకు. మాట్లాడితే కేసు పలచనైపోతుంది."

చుక్కమ్మ మంచి కాలు బురదలో ముంచి జంబయ్య చాపిన అరిటాకు వకాల్తా మీద ముద్ర వేసింది.

సోమవారం జంబయ్య వచ్చి మళ్ళీ గుసగుసగానే అంది, "బసవయ్య దుక్కికి పోయాడమ్మా. వాయిదా." ఒక గుడ్డు తీసుకెళ్ళింది. పై సోమవారం కూడా అదే మాట, ఇంకో గుడ్డు. సోమవారం తీర్పులుంటాయని ఎక్కడో వింది గానీ, సోమవారమే ఎందుకో ఆ అడవి జంతువుకి తెలీదు. గంప దిగని చుక్కమ్మకి వారాల లెక్కే లేదు.

రోజూ సాయంత్రం కాటుక తన తొట్టిలో తవుడు కాస్త మూతితో గంప దగ్గరికి నెట్టేది. చుక్కమ్మ మొహం తిప్పుకునేది. కాటుక వెళ్ళిపోయాక, ఆకలికి ఓర్చుకోలేక తినేది.

మూడో వాయిదాకి మూడో గుడ్డు పోయింది. ఆ పూట చుక్కమ్మ మిగిలిన మూడింటినీ రెక్కల కింద పొదువుకుని ఏడ్చింది.

"నువ్వు నాతో మాట్లాడకు. నేను మాట్లాడతా, విను," అంది కాటుక. "ఆ రోజు జోరీగ కుట్టింది. అయినా తప్పు నాదే. కింద నువ్వుంటావని చూసుకోవాలి. పక్షం రోజుల పైన ఈ మాట నా నోట్లోనే నానుతోంది."

చుక్కమ్మ గంప అంచు మీదికి తల ఎత్తింది.

"ముందే అనొచ్చుగా వదినా."

"సిగ్గేసింది. ఆనక నువ్వు మొహం తిప్పుకున్నావు."

"వకీలు మాట్లాడొద్దన్నాడు. ఇవాళ కూడా బసవయ్య తాత దుక్కికి పోయాడట, వాయిదా అట."

"ఇవాళ సోమవారం కదే పిచ్చిదానా. కాడి ఎవరు కడతారు?"

గేదె గొంతు పెద్దది. తడిక అవతల నెమరు ఆగింది.

"నేనిక్కడే ఉన్నా తల్లీ," అన్నాడు బసవయ్య. "మూడు సోమవారాలూ ఇక్కడే ఉన్నా. నా దగ్గరికి ఏ కేసూ రాలేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టుంది మీ యవ్వారం."

"నా మూడు గుడ్లూ, తాతా?"

ముసలాయన తడిక సందులోంచి గంప వైపు చూశాడు. "పోయినవి తెచ్చే తీర్పు నా దగ్గర లేదమ్మా. కాటుకా, దాని కాలు నీ వల్ల పోయింది. ఆ కాలు చెయ్యాల్సిన పని నీ కాలు చెయ్యాలి."

"చేస్తా మామా," అంది కాటుక.

గురువారానికి మూడు పిల్లలు లేచాయి. సోమవారం జంబయ్య మళ్ళీ వచ్చింది.

"వాయిదా పడిందమ్మా. గుడ్డేదీ?"

"తొట్టిలో దాచాను. తీసుకోండి."

నక్క తొట్టిలోకి వంగింది. కాటుక ఈసారి బాగా చూసుకుని, నిదానంగా, దాని తోక మీద గిట్ట పెట్టింది.

"అమ్మా కాటుకమ్మా, నా తోక, కాలు తియ్యి తల్లీ," అంది నక్క.

"ఎదుటి పక్షంతో మాట్లాడకండి వకీలుగారూ," అంది చుక్కమ్మ గంపలోంచి. "కేసు పలచనైపోతుంది."

తడిక అవతల నుంచి బసవయ్య అడిగాడు, "ఇవాళ సోమవారమే. నేను ఇంట్లోనే ఉన్నా. నష్టపరిహారానికి కేసేమైనా వేస్తావా నాయనా?"

జంబయ్య ఒక్క గుంజు గుంజుకుని సగం తోక అక్కడే వదిలి, పసుపు చేలో పడి పారిపోయింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే కాటుక చెమ్మనేల మీద గిట్టతో పెళ్ళలు లేపుతుంది. మూడు పిల్లలు ఆ గుంటల్లో పురుగులు ఏరుకుంటాయి. వెనక చుక్కమ్మ కుంటుతూ వస్తుంది. కాటుక అడుగు తీసి అడుగు వేసే ముందు ఒకసారి ఆగి కిందికి చూస్తుంది.

దెబ్బ తిన్నవాళ్ళకీ కొట్టినవాళ్ళకీ మధ్య మాట ఆగిపోతే, ఆ సందులోనే నక్క కాపురం పెడుతుంది.