రెండు పాగాల రాజు

ఒకానొక రాజ్యంలో రాజు ఒక్కడే గాని, ఆయనకి తలపాగాలు మాత్రం రెండు. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. రాజ్యం పేరు మందారగిరి, రాజు పేరు ప్రచండవర్మ.

పొద్దున ఎర్రపాగా చుట్టుకుని నేరస్థులకి శిక్షలు వేసేవాడు. శిక్ష మరీ ఎక్కువైందని ఎవరైనా మొరపెట్టుకుంటే, సాయంత్రం తెల్లపాగా చుట్టుకుని, ఇంకాస్త ఎత్తయిన పీట మీద కూర్చుని పైతీర్పు చెప్పేవాడు. పొద్దుటి సంగతి తెల్లపాగాకి తెలియనట్టే ఉండాలని అక్కడి ఆచారం. అందుకని కొత్తమనిషిలా కళ్ళు చికిలించి, "ఎవరు నువ్వు? నీకు శిక్ష వేసిందెవరు?" అని అడిగేవాడు. తను వేసిన శిక్షే తను మళ్ళీ విని, "ఆహా, ఎర్రపాగావారు ఎంత ధర్మాత్ములు. ఆ తీర్పే ఖాయం" అనేవాడు. సభలోవాళ్ళు నవ్వొచ్చినా పెదవి కొరుక్కుని కూర్చునేవాళ్ళు. ఇంత గొప్ప న్యాయం ఏ దేశంలోనూ లేదని రాజుకి మహా గర్వం.

ఆ ఊళ్ళో చెంగయ్య అని బాణసంచా కట్టే కుర్రవాడు ఉండేవాడు. అతను చిచ్చుబుడ్డి ముట్టిస్తే వెన్నెల విరిగి పూలై రాలుతున్నట్టుండేది. అలా చూసి చూసే కుందన అతన్ని ప్రేమించింది. పెళ్ళయి కాళ్ళ పారాణి ఇంకా ఆరనే లేదు. ఇంతలో రాజుగారి పుట్టినరోజు వచ్చింది. బాణసంచా మందు తడిసిందని చెంగయ్య దాన్ని వద్దన్నచోటే, ఏనుగుల శాల పక్కనే ఆరబోశాడు. ఎక్కణ్ణించి నిప్పురవ్వ పడిందో, శాల అంటుకుంది. పట్టపుటేనుగు చచ్చిపోయింది.

చెంగయ్యని తెచ్చి ఎర్రపాగా ముందు నిలబెట్టారు. రాజు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "తల తీయండి" అన్నాడు. తలారిని పిలిచి, "సాయంత్రానికి కత్తి నూరి ఉంచు" అన్నాడు.

"ప్రభూ, పైతీర్పు ఇంకా కాలేదు కదా" అన్నాడు మంత్రి.

"దానికేముందయ్యా. తెల్లపాగా ఏనాడైనా నా మాట దాటిందా" అని రాజు మీసం దువ్వుకుని పకపకా నవ్వాడు.

ఆ మాట, ఆ నవ్వు, రెండూ కొమ్మన చెవిన పడ్డాయి. రాజుకి కబుర్లు చెప్పి నవ్వించే కొలువు అతనిది. బయటికొచ్చేసరికి మెట్ల మీద కుందన కూర్చుని ఉంది. ఆ కళ్ళు వాన వెలిసిన కలువల్లా ఉన్నాయి.

"మా ఆయన తప్పు చెయ్యలేదనను బాబయ్యా" అంది. "చేశాడు. వద్దన్నచోట మందు ఆరేశాడు. ప్రాణం తీసేంత తప్పా అది? మంటల్లో దూరి శాల కాపలా తాతని భుజానేసుకుని తెచ్చింది కూడా ఆయనే. ఆ సంగతి ఎవరూ అడగనేలేదు."

"ఈ మాటే సాయంత్రం చెబుతావా తల్లీ?"

"చెప్పనిస్తే కదా."

"చెప్పించే పూచీ నాది" అన్నాడు కొమ్మన.

సాయంత్రమైంది. తెల్లపాగా వచ్చి ఎత్తుపీట మీద కూర్చుంది. "ఎవరమ్మా నువ్వు?" అని అడిగి, కుందన నోరు విప్పేలోపే 'ఖాయం' అనడానికి రాజు చెయ్యెత్తాడు. కొమ్మన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, చిన్న సందేహం. తమరు పెద్దా, ఎర్రపాగావారు పెద్దా?"

"ఇదేం ప్రశ్నయ్యా. పైతీర్పు నాది. నేనే పెద్ద."

"నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పొద్దున వారు ఇంకోలా సెలవిచ్చారు. చెప్పాలంటే భయంగా ఉంది."

"చెప్పు. అభయమిచ్చాను."

"తమరు వినకముందే తలారిని కత్తి నూరుకోమన్నారు. తెల్లపాగా ఏనాడైనా నా మాట దాటిందా అన్నారు. పైగా నవ్వారు. కావాలంటే మంత్రిగారిని అడగండి."

మంత్రి తల వంచుకున్నాడు. అన్నది నేనే కదా అనే మాట రాజు నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే, రెండు పాగాల కిందా ఉన్నది ఒకే తలని నిండుసభలో ఒప్పుకున్నట్టే. మింగేశాడు.

"వారు అంత మాట అన్నారా?"

"అన్నారు ప్రభూ. ఎత్తుపీట తమదైనా, చెల్లేది మాత్రం ఎర్రపాగావారి మాటేనని జనం కూడా చెప్పుకుంటున్నారు."

రాజు చెవులు ఎర్రబడ్డాయి. "నా తీర్పు ముందుగా చెప్పడానికి వాడెవడు? నేనేమన్నా వాడి నౌకరునా? అమ్మాయీ, నువ్వు మాట్లాడు. మొదట్నుంచీ చెప్పు. ఎవరడ్డమొస్తారో చూస్తాను."

కుందన చెప్పింది. కాపలా తాత వచ్చి అవునన్నాడు. చెంగయ్య చేతులు చూస్తే మోచేతుల దాకా బొబ్బలు. కావాలని నిప్పు పెట్టాడా, ఎవరి మీదైనా కక్ష ఉందా అని తెల్లపాగా గుచ్చిగుచ్చి అడిగింది. అలా అడగడం ఆ సభ ఎన్నడూ చూడలేదు.

"నేరం పెద్దదే" అన్నాడు రాజు చివరికి. "శిక్ష ఉండాల్సిందే. కానీ చేసిన తప్పుకి మించి ఉండకూడదు. తల తియ్యక్కర్లేదు. కాలిన శాల తన చేతుల్తోనే తిరిగి కట్టాలి. రెండేళ్ళు ఏనుగులకి ఊడిగం చెయ్యాలి. అన్నాళ్ళూ బాణసంచా ముట్టుకోకూడదు." పీట దిగుతూ, "వెళ్ళి ఆ ఎర్రపాగాతో చెప్పండి" అన్నాడు.

మర్నాడు పొద్దున ఎర్రపాగా నిప్పులు కక్కుతూ సభకి వచ్చింది. "నా తీర్పు మార్పించింది నువ్వే కదూ కొమ్మనా. నీకు దేశబహిష్కారం."

కొమ్మన చేతులు జోడించాడు. "చిత్తం ప్రభూ. సాయంత్రం తెల్లపాగావారికి మొరపెట్టుకుంటాను. నిన్న చూశాను కదా, వారికి తమరంటే బొత్తిగా పడటం లేదు."

రాజు మీసం ముందు కదిలింది. తర్వాత భుజాలు. ఆ పైన పాగా పక్కకి ఒరిగేదాకా పడీపడీ నవ్వాడు.

"ఒరేయ్, నా చేత నన్నే తిట్టించావు కదరా. ఏం కావాలో కోరుకో."

"ఆ ఎర్రపాగా ఇప్పించండి."

"మరి రేపట్నుంచి శిక్షలెవరు వేస్తారు?"

"ఇంకో తలకి ఇంకో పాగా చుట్టించండి ప్రభూ. తెల్లది తమకి బాగా నప్పింది."

రాజు తన చేతుల్తోనే పాగా విప్పి ఇచ్చాడు. ఆనాడే మంత్రి తలకి కొత్త ఎర్రపాగా చుట్టించాడు. అప్పట్నుంచీ ఆ రాజ్యంలో శిక్ష వేసే తల వేరు, అది సబబేనా అని చూసే తల వేరు.

విప్పితే ఆ పాగా నిండా ఒక చీరంత పట్టు. కొమ్మన దాన్ని కుందనకి ఇచ్చాడు. సాయంత్రపుటెండలో ఆ ఎర్రచీర కట్టుకుని, అన్నం మూట పట్టుకుని ఆమె ఏనుగుల శాలకి నడిచొస్తుంటే, గోడ కడుతున్న చెంగయ్య మట్టి చేతుల్తో అలాగే నిలబడిపోయాడు. బాణసంచా ముట్టుకోవద్దన్నారు గాని, చూడొద్దనలేదు కదా.