చెంగమ్మ సొరపాదూ నీలకంఠం నీలిపొడీ

ముందు ఒక మాట అడుగుతాను, సూటిగా చెప్పండి. మీ ఇంట్లో బట్టలు ఉతికిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? "ఏమో, ఎటో పోతాయి" అంటే ఒప్పుకోను. నీళ్ళు మీరు పంపిన చోటికే పోతాయి. సరే, ఇక వినండి.

అనగనగా ఒక అడవి. ఆ అడవికి రెండేళ్ళుగా వానలు మొహం చాటేశాయి. చెలమలో ఊరే నీళ్ళు ఇంటికి రోజుకో కుండ. అంతే! ఆ ఒక్క కుండతోనే కుందేలు చెంగమ్మ నలుగురు పిల్లల్ని పెంచేది, పైగా సొరపాదు కూడా పెంచేది. ఎలాగంటారా? కుంకుడుకాయలు కొట్టి, ఆ రసంతో బట్టలు ఉతికేది. ఉతికిన నీళ్ళు తొట్టిలో పట్టి పాదు మొదట్లో పోసేది. పాదు పందిరెక్కి మూడు పిందెలు వేసింది. తొలకరి దాకా పిల్లల కడుపులకు ఆ పాదే దిక్కు.

ఒకరోజు నెమలి నీలకంఠం మెడలో సబ్బుపొడి పొట్లాల సంచీతో దిగాడు. పురి విప్పి గిర్రున తిరిగి, "వాడండి! మా నీలిపొడి వాడండి! వాడినవాళ్ళు వదలరు!" అని అరిచాడు.

చెంగమ్మ ఆరేసిన దుప్పటిని ముక్కుతో ఎత్తి చూశాడు. "ఇంకా కుంకుడుకాయలేనా అక్కా? ఇదీ ఒక తెలుపేనా? గోధుమరంగుకు మేనత్త కూతురిలా ఉంది!"

చెంగమ్మకు రోషం పొడుచుకొచ్చింది. కుందేలై పుట్టి, తెలుపు గురించి నెమలితో చెప్పించుకోవడమా!

"ఈ నీళ్ళు నా పాదుకు పోస్తాను మరి. ఏమీ కాదుగా?" అని అడిగింది.

"నురుగు చూడక్కా, అచ్చం మేఘం! మేఘం తగిలితే పాదు చస్తుందా?"

ఆ జవాబులో జవాబే లేదని చెంగమ్మ గమనించలేదు. పొట్లం తీసుకుంది.

మొదటి వారం దుప్పటి తళతళలాడింది. ఆ నురుగు నీళ్ళు పాదుకు పోసింది. ఆకుల అంచులు మాడాయి. "ఎండదెబ్బ" అనుకుంది.

రెండో వారం నీలకంఠం మరకలు పోయే తెల్లపొడి తెచ్చాడు. ఆ ఘాటుకు చెంగమ్మ మీసాలు మెలితిరిగాయి. ఆ నీళ్ళూ పాదుకే పోసింది. ఒక పిందె రాలింది. "దిష్టి తగిలింది" అని ఎండుమిరపకాయలతో పాదుకు దిష్టి తీసింది. పాదు తుమ్మలేదు గానీ పిల్లలు నలుగురూ తుమ్మారు.

మూడో వారం నేల కడిగే మందు వచ్చింది. నేల అద్దంలా మెరిసింది. పిల్లలు వరసగా జారి పడ్డారు. కడిగిన నీళ్ళు పాదుకు పోసింది. రెండో పిందె కూడా రాలింది. "దీనికి నీళ్ళు చాలడం లేదు" అని చెంగమ్మ ఇంకో తొట్టి ఎత్తింది.

"ఆగవే తల్లీ, ఆగు!" అని మట్టిలోంచి కేక వినబడింది.

వానపాము మన్నమ్మ బయటికొచ్చింది. వెనక ముప్పైమంది చుట్టాలు, మూటాముల్లె సర్దుకుని.

"ఎక్కడికి పిన్నీ?" అంది చెంగమ్మ.

"ఎక్కడికైనా సరే! నీ ఇల్లు కడిగి మా ఇంట్లో పోస్తావా?"

"కుంకుడు నీళ్ళు కూడా పోశానుగా! అప్పుడు నోరెత్తలేదేం?"

"అది కాయ రసం. మట్టి అరిగించుకుంది. ఈ పొడుల నిండా ఉప్పే! పైన తెల్లగా పేరుకుంది చూడు. ఇక వేరు నీళ్ళెలా తాగుతుంది? ఆ ఘాటు సరుకు మా మట్టిలో పనిచేసే చిన్న జీవాలన్నిటినీ చంపేసింది. ఇంతకీ ఆ నెమలి ఏమని అరిచాడు?"

"వాడండి, వాడండి అని."

"నువ్వు పొడి వాడావు. నీ పాదు కూడా మాట విని బుద్ధిగా వాడింది! తల ఎలా వేలాడేసిందో చూడు!"

చెంగమ్మ చూసింది. మూడో పిందె ఒక్కటే మిగిలింది, అదీ పాలిపోయి. ఎత్తిన తొట్టి దించేసింది.

"ఉప్పు దిగిపోవాలంటే మంచినీళ్ళు పొయ్యాలి. మూడు రోజులు" అంది మన్నమ్మ.

మూడు రోజులా! మర్నాడే జింక ఇంట్లో పేరంటం. తలంటుకోవాలి, దుప్పటి ఉతకాలి. ఉన్నదేమో ఒక్క కుండ. చెంగమ్మ తాగడానికి తీసి పక్కన పెట్టింది. మిగిలింది మొత్తం పాదులో పోసింది. మూడు రోజులూ అంతే!

మధ్యలో వచ్చిన పేరంటానికి తలంటుకోకుండా అలాగే వెళ్ళింది. ఆమెకు రెండువైపులా నాలుగేసి పీటలు ఖాళీ. నీలకంఠం పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, వాసన పోయే కొత్త మందుంది!"

"ఇందులో ఏముంది? వెనక రాసింది చదువు తమ్ముడూ" అంది చెంగమ్మ.

నీలకంఠం పొట్లం తిప్పాడు. ముందువైపు నెమలి బొమ్మ. వెనకవైపూ నెమలి బొమ్మే.

"ఏమీ రాయలేదక్కా."

"చెప్పుకోలేని సరుకు నా మట్టిలో పోయను. నా పిల్లలు తినేది దుప్పటి కాదు, సొరకాయ!"

పీటలు ఒక్కొక్కటే ఆమె దగ్గరకు జరిగాయి. "కుంకుడుకాయలు ఎక్కడ దొరుకుతాయి వదినా?" అని జింక గుసగుసగా అడిగింది.

వారానికి పాదు కొత్త తీగ సాగింది. మిగిలిన పిందె కాయై, నలుగురు పిల్లలూ మొయ్యలేనంత బరువైంది.

నీతి: మన ఇంటిని కడిగిన నీళ్ళు ఇంకో ప్రాణి ఇంట్లోకి పోతాయి, ఆ ప్రాణి తట్టుకోగలిగినదే మనం వాడాలి.

ఇక లేవండి. మీ ఇంట్లో సబ్బుపొడి డబ్బా వెనక్కి తిప్పి, పెద్దవాళ్ళ చేత చదివించండి. ఘాటు సరుకు కలిపిన నీళ్ళు మొక్కలకు పోయకండి. మొక్కకు మేలైన నీళ్ళు మాత్రం ఒక్క చుక్క కూడా వదలకండి!