పండితుడు కూర్చున్న చోటు

వెనకటికి ఒక జమీందారుకు కొయ్యబొమ్మలు చెక్కడం సరదా. అందుకోసం తోటలో కట్టించుకున్న పెంకుల కొట్టం వేసవిలో ఉడికిపోయేది, చలికాలంలో చేతులు కొంకర్లు పోయేవి.

"చుట్టూ కాలువ తవ్వితే చల్లదనం, గోడలో పొయ్యి కడితే వెచ్చదనం. కాలువకు అడ్డొచ్చే పది గుడిసెలు తీయించండి," అన్నాడు ఆస్థాన వాస్తు పండితుడు దండపాణిశర్మ.

అందులో ఒకటి ఇళ్లకు తాటాకు కప్పే సిద్ధమ్మది. ఆమె కొట్టం చుట్టూ తిరిగి చూసింది.

"దొరా, పండితులవారిని రేపు పగలంతా అక్కడ కూర్చుని చూడమనండి. అప్పటికీ కాలువే కావాలంటే గుడిసెలు మేమే పీక్కుంటాం," అంది.

శర్మ సరేనన్నాడు. సిద్ధమ్మ తెల్లారకముందే కొట్టం వాకిట తాటాకు పందిరి వేసింది.

మధ్యాహ్నం ఏం జరుగుతోందో చూద్దామని జమీందారు వచ్చాడు. శర్మ పీట బయటికి లాక్కుని పందిరి కింద గుర్రు పెడుతున్నాడు.

"మరి చలికాలం?" అక్కడే ఉన్న సిద్ధమ్మను అడిగాడు జమీందారు.

"పందిరి విప్పేస్తే ఎండ లోపలికొస్తుంది దొరా. చాలకపోతే కుంపటి ఉంది."

జమీందారు పండితుణ్ణి తట్టాడు. "శర్మగారూ, ఈ పందిరి తీయించి కాలువ తవ్వించమంటారా?"

"తీయించకండి ప్రభూ, మొహాన ఎండ పడుతుంది," అన్నాడు శర్మ, కళ్లు తెరవకుండానే.